బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా: నాలుగు గుంటల పూలమడి డైరీ

మా పొలం జనగామ దగ్గర, ఎకరం పది గుంటలు. పత్తి, కంది పోను బోరు పక్కన నాలుగు గుంటలు మిగిలితే, వాటినీ వాటిని ఆనుకుని ఉన్న 45 మీటర్ల పడమటి గట్టునూ 2025 వానాకాలంలో పూలకు వదిలాను. వానలు వెనకబట్టి చేలు మాసిపోయే టైముకు, అంటే బతుకమ్మ నుంచి సంక్రాంతి వరకు, పొలంలోకి అడుగుపెడితే ఏదో ఒక రంగు కనపడాలి. కావాల్సింది అంతే. కొన్ని పూలు అమ్మాను గానీ ఈ పని అమ్మకం కోసం మొదలుపెట్టింది కాదు. తేదీలు, కొలతలు, పోయిన మొక్కల లెక్క అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను, వాటినే ఇక్కడ దశలవారీగా పెడుతున్నాను. ఇలాంటిది చేద్దామనుకునేవాళ్లు దశ 2, దశ 7 తప్పకుండా చదవండి, మిగతావి తిరగేసినా పర్వాలేదు.

దశ 1: వెనక్కి లెక్క (జూన్ 10–20)

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ, సెప్టెంబర్ 21న. ముద్దబంతికి అక్కడి నుంచి వెనక్కి లెక్కేశాను.

1. విత్తు వేసి నారు ఎదగడానికి 25 రోజులు.
2. నాటాక మొదటి పూవు విచ్చడానికి 55 రోజులు.
3. కొమ్మలు ఎక్కువ వేయాలని మొక్క తల తుంచితే పూత ఆగేది ఇంకో 8–10 రోజులు.

మొత్తం 90. సెప్టెంబర్ 20 నుంచి 90 రోజులు వెనక్కి వస్తే జూన్ 22. నేను జూన్ 20న వేశాను. లెక్కలో తప్పు లేదు, తప్పు ట్రేల్లో ఉంది.

దశ 2: మొదటి నారు పోయింది (జూన్ 20 – జులై 4)

98 గుంతల ట్రేలు ఎనిమిది, మొత్తం 784 గింజలు. ట్రేలు తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నవి, వాళ్లు అంతకుముందు వాటిలో మిర్చి నారు పోసుకున్నారు. దులిపి కోకోపీట్ నింపేశాను, కడగలేదు. జూన్ 26కి 611 మొలిచాయి. 28న పొద్దున చూస్తే ఒక ట్రేలో మూల మొలకలు పడుకుని ఉన్నాయి, నీళ్లు చాలలేదేమో అనుకుని ఇంకొంచెం పోశాను. అది ఇంకా పెద్ద తప్పు. ఒక మొలకను పైకి లాగి చూస్తే మట్టిని తాకే చోట కాడ దారంలా సన్నబడి గోధుమరంగుకు తిరిగింది, పైన ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. నారుకుళ్లు. జులై 1కి మిగిలినవి 140.

కారణాలు మూడనుకుంటున్నాను: కడగని ట్రేలు, సాయంత్రం నీళ్లు పోయడం (రాత్రంతా తడి ఆరదు), వాన పడుతుందని పైన కప్పిన ప్లాస్టిక్ కవరు. రెండో విడతకు ఇవి మార్చాను:

1. ట్రేలు బ్లీచింగ్ నీళ్లలో అరగంట నానబెట్టి, కడిగి, ఎండలో ఒక రోజు ఉంచాను.
2. నీళ్లు పొద్దున ఏడింటికే, ఒక్కసారే.
3. కవరు తీసేసి, వాన నేరుగా కొట్టకుండా ఎత్తులో షేడ్ నెట్టు కట్టాను. గాలి ఆడింది.

జులై 4న మళ్లీ 784 గింజలు వేస్తే 702 మొలిచి, నాటే నాటికి 655 నిలిచాయి. కానీ రెండు వారాలు వెనకబడ్డాను, దాని ఫలితం దశ 6లో ఉంది.

ఖర్చు ఇప్పటికి: విత్తనాలు రెండు ప్యాకెట్లు 3,200, కోకోపీట్ రెండు దిమ్మెలు 440, బ్లీచింగ్ 40. మొత్తం 3,680 రూపాయలు.

దశ 3: గునుగు, తంగేడు (జూన్ 15 – సెప్టెంబర్)

గునుగు దానంతటదే మొలిచే మొక్క, దాన్ని ఎవరూ విత్తరు. మా చిన్నప్పుడు జొన్న చేలల్లో, పెసర చేలల్లో తెల్లగా నిండుగా ఉండేది. ఇప్పుడు పత్తికీ మక్కకూ గడ్డి మందు కొడుతున్నారు కాబట్టి చేలల్లో దొరకడం లేదు, బతుకమ్మకు ఆడవాళ్లు రెండు మూడు కిలోమీటర్లు నడిచి తెచ్చుకుంటున్నారు. అందుకే ఇది నా మడిలో తప్పకుండా ఉండాలనుకున్నాను. మూడు రకాలుగా చూశాను.

మొదటిది, జూన్ 15న సాళ్లు తీసి రెండు సెంటీమీటర్ల లోతున విత్తి మట్టి కప్పాను. 30 మీటర్ల సాలులో మొలిచినవి 11. పక్క చేని పెద్దమ్మ గట్టు మీద నిలబడి చూసి, "గంత లోతున ఏస్తే యాడ మొలుస్తది బిడ్డా, గునుగు ఇత్తునానికి మన్ను కప్పొద్దు, ఎలుగు తగలాలె" అంది. అసలు సంగతి అదే. ఆవగింజలో సగం కూడా ఉండని నల్లటి మెరిసే గింజ అది, వెలుతురు తగలకపోతే సరిగా మొలవదు.

రెండోది, జులై 2న వాన పడిన మర్నాడు. గుప్పెడు గింజల్లో నాలుగు గుప్పెళ్ల ఇసుక కలిపి తడి మట్టి మీద చల్లి, పైన కాళ్లతో తొక్కాను అంతే. ఎనిమిది రోజుల్లో మొలిచింది, జానెడు ఎడం ఉండేలా పలచన చేశాను. పీకినవాటిని వేరే చోట నాటితే ఒక్కటీ బతకలేదు, తల్లివేరు తెగితే ఊరుకోదు.

మూడోది, పడమటి గట్టు. అక్కడ ఏమీ చేయలేదు. కలుపు తీయొద్దని, మందు కొట్టొద్దని కూలీలకు చెప్పి, గట్టు మొదట్లో ఎర్ర గుడ్డ కట్టాను.

సెప్టెంబర్ 20న టేపుతో కొలిచాను. పశువుల ఎరువు వేసిన మడిలో గునుగు 128 సెంటీమీటర్లు ఎదిగి, ఆకు బలిసి, కంకి పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చి, గాలికి సగం ఒరిగింది. గట్టు మీదిది 86 సెంటీమీటర్లు, నిలువుగా, మొక్కకు ఎనిమిది తొమ్మిది కంకులు. ఎరువు వేయకండి. గట్టును వదిలేయడమే మంచి పద్ధతి. అయితే ఒక జాగ్రత్త: గింజ రాలక ముందే, నవంబర్ మొదట్లో, కంకులు కోసేయాలి, లేకపోతే వచ్చే ఏడాది చేనంతా అదే.

తంగేడుకు ఈ ఏడు పూవు రాదని తెలిసే వేశాను. గింజ పెంకు రాయిలా ఉంటుంది. ముప్పై ముప్పై గింజలు తీసుకుని చూస్తే, మామూలు నీళ్లలో నానబెట్టినవి 7, మరిగిన నీళ్లు పోసి రాత్రంతా వదిలినవి 19, గరుకు కాగితం మీద రుద్దినవి 22 మొలిచాయి. అన్నీ కలిపి 48 మొక్కలు, ఉత్తరం హద్దు వెంట నాటాను. మేకలు నోరు పెట్టవు కాబట్టి కంచె అక్కర్లేదు.

దశ 4: నాటడం, తల తుంచడం (జులై 6 – ఆగస్టు 26)

చామంతి పిలకలు 240, ఆరు సాళ్లు, సాలుకు 40, పిలకకు పిలకకు 30 సెంటీమీటర్లు. జులై 6న నాటాను. బంతికి సాలుకు సాలుకు 60, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు. మొదటి విడత 140 జులై 16న, రెండో విడత 655 జులై 29న. సాయంత్రం నాలుగు దాటాకే నాటాను, అందుకేనేమో 795లో చనిపోయినవి 12 మాత్రమే. మిగిలినవి 783.

తల తుంచే దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. రెండో విడత ఇప్పటికే వెనకబడింది, తుంచితే బతుకమ్మకు అందదు, తుంచకపోతే మొక్క కొమ్మలు వేయక తక్కువ పూస్తుంది. సగం సగం చేశాను.

- మొదటి విడత 140: ఆగస్టు 12న తుంచాను.
- రెండో విడతలో 320: ఆగస్టు 24న తుంచాను.
- రెండో విడతలో 323: తుంచలేదు, సాళ్ల మొదట్లో పుల్లకు తెల్ల గుడ్డ కట్టాను.

తుంచడమంటే గోటితో కొసన రెండాకుల జత తీసేయడమే. కత్తెర వాడాల్సి వస్తే ప్రతి సాలుకూ తుడవండి. చామంతికి రెండుసార్లు, ఆగస్టు 5న, 26న.

ఖర్చు: ఎరువు 1,500, పిలకలు 720, కలుపుకు ఇద్దరు రెండు రోజులు 2,000. ఇప్పటికి మొత్తం 7,900.

దశ 5: ఆగస్టు వాన (ఆగస్టు 27–31)

కామారెడ్డి, మెదక్ వైపు వరదలొచ్చిన రోజులవి. మా దగ్గర అంత లేదు, సీసా కోసి చేసిన వానమాపకంలో రెండు రోజులకు 11.5 సెంటీమీటర్లు. అయినా మడి తూర్పు కొస పల్లం కాబట్టి అక్కడ ముప్పై గంటలు నీళ్లు నిలిచాయి. నేలది నల్ల రేగడి. మూడో రోజుకు బంతి మధ్యాహ్నం వాడి సాయంత్రం లేచేది, ఐదో రోజుకు లేవడం మానేసింది.

పారతో తూర్పు గట్టుకు అడ్డంగా జానెడు లోతు కాలువ తీసి నీళ్లు వదిలాను. ఈ పని నాటేటప్పుడే చేయాల్సింది, గంటన్నర పని. తర్వాత కుళ్లు తెగులు మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీళ్లకు 3 గ్రాముల చొప్పున మొక్కల మొదళ్లలో పోశాను. పోయినవి 94. మిగిలిన 689 ఇలా ఉన్నాయి: మొదటి విడత 131, తుంచనివి 271, తుంచినవి 287.

ఖర్చు మందుకు 340. ఇప్పటికి 8,240.

దశ 6: పూత (సెప్టెంబర్ 18 – అక్టోబర్ 20)

మొదటి పూవు విచ్చిన తేదీలు:

- మొదటి విడత, తుంచినది: సెప్టెంబర్ 18, నాటిన 64వ రోజు.
- రెండో విడత, తుంచనిది: సెప్టెంబర్ 21, 54వ రోజు. సరిగ్గా ఎంగిలిపూల రోజున.
- రెండో విడత, తుంచినది: అక్టోబర్ 3, 66వ రోజు. దసరా అక్టోబర్ 2న అయిపోయింది.

తల తుంచడం వల్ల నేననుకున్న 8–10 రోజులు కాదు, 12 రోజులు ఆగింది. మీరు లెక్కేసేటప్పుడు 12 పెట్టుకోండి. ఒక్కో రకంలో పది మొక్కలకు దారం కట్టి అక్టోబర్ 20 దాకా పూలు లెక్కపెట్టాను. తుంచనివాటికి మొక్కకు సగటున 17, పూవు వెడల్పు 6.5 సెంటీమీటర్లు. తుంచినవాటికి 29, వెడల్పు 5.5. బతుకమ్మ పేర్చడానికి పెద్ద పూవే బాగుంటుందని మా ఇంట్లోవాళ్లు, దండకు చిన్నదే మేలని నేను. రెండూ ఉండటం మంచిదే అయింది, ఎందుకంటే తుంచినవి దీపావళికి నిండుగా విరిశాయి.

చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు సాయంత్రం మా వాడ ఆడవాళ్లు పదిహేను మంది పొలానికి వచ్చారు. గట్టు మీద గునుగు వాళ్లే కోసుకున్నారు. చేలో పుట్టి పెరిగినవాళ్లు, ఎక్కడ కోయాలో ఒకరు చెప్పక్కర్లేదు, కాడ జానెడు ఉండేలా పటపటా విరిచి ఒళ్లో వేసుకుంటున్నారు. తంగేడు వాగు ఒడ్డు నుంచి తెచ్చారు. ఆ గంటసేపు పొలం ఎంత కళగా ఉందో చెప్పలేను, ఖర్చు లెక్క రాయడానికి ఆ రోజు నోట్‌బుక్కు తీయలేదు.

చూడటం గురించి కూడా ఒక మార్పు చేశాను, ఇదీ రాయాల్సిందే. మొదట మంచం గట్టు పక్కనే, పడమర వైపు వేసుకున్నాను. అక్కడి నుంచి చూస్తే గునుగు ఉత్త తెల్లగా, పేలవంగా కనిపిస్తుంది. తూర్పుకు, మడి ఇవతలికి మార్చి పడమర ముఖంగా కూర్చుంటే సాయంత్రం ఐదు దాటాక ఎండ కంకుల వెనక నుంచి వస్తుంది. కొసన లేత గులాబి, కిందికి వచ్చేకొద్దీ వెండి, అంచున ఒక్కో రేకూ విడివిడిగా వెలుగుతుంది. దాని ముందు వరసలో నారింజ బంతి. అరగంటే ఉంటుంది ఆ వెలుగు. మీరు గట్టు మీద గునుగు వదిలేట్టయితే పడమటి గట్టునే ఎంచుకోండి.

అమ్మకం: బతుకమ్మకు 31 కిలోలు. పొద్దున మంచులో కోసి తడితోనే పట్టుకెళ్లాను, కొన్నవాళ్లు తరుగు కింద 3 కిలోలు తీసేశారు, 28కి 60 చొప్పున 1,680 వచ్చింది. దీపావళికి మార్చాను: ముందురోజు సాయంత్రం కోసి, గోనె మీద పలచగా పరిచి, తెల్లవారి ఎత్తాను. 52 కిలోలు, తరుగు లేదు, 50 చొప్పున 2,600. రాబడి ఇప్పటికి 4,280.

దశ 7: చామంతి మొగ్గ ఎందుకు వేయలేదు (అక్టోబర్ 5 – 19)

ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. అక్టోబర్ మొదటి వారానికి చామంతి సాళ్ల అవతలి కొసన మొగ్గలు కనిపించాయి. బోరు షెడ్డు వైపు కొసన మొక్కలు మాత్రం ఇంకా ఎత్తు పెరుగుతూ ఆకులే వేస్తున్నాయి. ముందు ఎరువు ఎక్కువైందనుకున్నాను. తర్వాత డ్రిప్పు ఆ వైపు ఎక్కువ కారుతోందేమోనని గ్లాసు పెట్టి కొలిచాను, రెండు కొసలా గంటకు దాదాపు రెండు లీటర్లే. పిలకల్లో రకం కలిసిందా అంటే, కలిస్తే అక్కడక్కడా ఉండాలి గానీ ఆరు సాళ్లలోనూ ఒకే కొసన ఎందుకుంటుంది?

అక్టోబర్ 18 రాత్రి మోటరు వేయడానికి వెళ్లినప్పుడు తెలిసింది. ఆగస్టు 30న అడవి పందుల భయానికి షెడ్డు మీద 50 వాట్ల ఎల్‌ఈడీ ఫోకస్ లైటు పెట్టి, రాత్రంతా వెలిగేలా వదిలాను. దాని వెలుగు చామంతి సాళ్ల మీదుగా పోతోంది, మొగ్గ లేని మొక్కలన్నీ ఆ వెలుగులో ఉన్నాయి. చామంతి మొగ్గ వేయడానికి పొడవాటి చీకటి రాత్రి కావాలి. మధ్యలో వెలుతురు పడితే దానికి ఇంకా వేసవి పగళ్లే ఉన్నట్టు లెక్క, ఆకులు వేసుకుంటూ పోతుంది. చదివిన విషయమే, కానీ నా షెడ్డు లైటుకు దాన్ని ముడిపెట్టుకోలేదు.

తెల్లారి టేపు పట్టాను.

- లైటు నుంచి 4 మీటర్ల లోపు: 78 మొక్కలు, ఒక్క మొగ్గ లేదు.
- 4 నుంచి 6 మీటర్లు: 42 మొక్కలు, లైటుకు ఎదురుగా ఉన్న కొమ్మలు ఖాళీ, నీడవైపు కొమ్మలకు మొగ్గలు.
- 6 మీటర్లు దాటాక: 120 మొక్కలు, అన్నిటికీ నిండుగా మొగ్గలు.

ఒకే మొక్కలో ఒక కొమ్మకు మొగ్గ ఉండి ఇంకో కొమ్మకు లేకపోవడం చూస్తే ఇంకే అనుమానమూ ఉండదు. ఆ సాయంత్రమే, అక్టోబర్ 19న, లైటును పత్తి చేను వైపు తిప్పేసి చామంతి వైపు రేకు ముక్క అడ్డం కట్టాను. వీధి దీపం పక్కన చామంతి వేసి పూయడం లేదని మందులు కొట్టేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఆ మొక్కల దగ్గర నిలబడి చూడండి.

దశ 8: మొంథా (అక్టోబర్ 28 – నవంబర్ 20)

మొంథా తుఫాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, 29న మా జిల్లా మీదుగా కురిసింది. నా సీసాలో ఒక్కరోజుకు 16 సెంటీమీటర్లు. ఆగస్టులో తీసిన కాలువ వల్ల నీళ్లు మూడు గంటల్లో దిగిపోయాయి, మొదళ్లు కుళ్లలేదు. కానీ చామంతి 120 మొక్కలూ అప్పుడే రేకులు చూపిస్తున్నాయి. నీళ్లు మొగ్గలో నిలిచి, పైకి పసుపుగానే ఉండి, వేళ్లతో విప్పితే లోపల టీ రంగులో మెత్తగా అయిపోయాయి.

చేసిన పని:

1. రెండు రోజులు వేచి, తడి ఆరాక కుళ్లిన మొగ్గలు, వాడిపోయిన బంతి పూలు అన్నీ తుంచి మడి బయట గుంతలో పూడ్చాను. నాలుగు రోజులు పట్టింది.
2. ఒరిగినవాటికి కర్రలు పాతి సుతిలితో కట్టాను.
3. మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, పది రోజుల తేడాతో రెండుసార్లు.

120లో 71 తేరుకుని పక్క మొగ్గలతో నవంబర్ 18 నుంచి పూశాయి. మధ్యలో ఉన్న 42లో 30 నిలిచాయి. లైటు కింద మొగ్గ వేయని 78 మాత్రం ఒక్కటీ పోలేదు, కుళ్లడానికి వాటికి మొగ్గే లేదు కదా. చామంతి మొత్తం 179.

ఖర్చు: మాంకోజెబ్ 180, కర్రలు, సుతిలి 260. మొత్తం 8,680.

దశ 9: డిసెంబర్, జనవరి

లైటు తిప్పిన 22వ రోజున, నవంబర్ 10న, ఆ 78 మొక్కల్లో మొదటి మొగ్గలు కనిపించాయి. డిసెంబర్ 19న విచ్చాయి, అంటే 61వ రోజు. అప్పటికి బంతి అయిపోయింది, గునుగు కోసేశాను, పత్తి ఏరడం దాదాపు పూర్తయింది. వాటితో పాటు రంగు ఇచ్చినవి రెండే: గట్టు వెంట చల్లిన ఎర్ర పుంటికూర, దాని కాయలు డిసెంబర్ అంతా ముదురు ఎరుపులో ఉన్నాయి, పచ్చడికి కోసుకుంటూనే చూసుకోవచ్చు. ఇంకొకటి బోరు దగ్గరి బాదం చెట్టు, రాలే ముందు ఆకులు ఇటుక ఎరుపుకు తిరిగాయి. పదేళ్లుగా ఉన్న చెట్టు, దాని కింద పసుపు చామంతి పూసేదాకా ఆ ఎరుపు నేను ఆగి చూసింది లేదు.

సంక్రాంతికి ముగ్గుల కోసం ఇంటికీ చుట్టుపక్కలకీ పంచగా, 14 కిలోలు 80 చొప్పున అమ్మాను, 1,120. మొత్తం రాబడి 5,400, ఖర్చు 8,680. నాలుగు నెలల రంగుకు నా చేతి నుంచి పడింది 3,280 రూపాయలు, నా పని లెక్కేయకుండా.

వచ్చే ఏడాదికి తేదీలు

2026లో అధిక జ్యేష్ఠం వస్తుంది కాబట్టి పండుగలు ఆలస్యంగా వస్తాయి. ఎంగిలిపూలు అక్టోబర్ 10న. బంతికి ఈసారి 25+54+12, మొత్తం 91 రోజులు, కాబట్టి తుంచే విడతను జులై 10న, తుంచని విడతను జులై 22న వేస్తాను. చిక్కంతా గునుగుతోనే. గట్టు మీద దానంతటది మొలిచేది అక్టోబర్ 10కి ముదిరిపోయి ఉంటుంది. అందుకని ఈసారి గట్టు దక్షిణపు సగాన్ని ఆగస్టు మొదటి వారంలో ఒకసారి గీకి, తడి మీద మళ్లీ చల్లి తొక్కుతాను. గింజ 200 గ్రాములు ఎండబెట్టి, గుడ్డ మూటకట్టి, అటక మీద పెట్టాను. ఇసుక ఒకటికి నాలుగు, మన్ను కప్పకూడదు అని మూట మీదే రాశాను.